కారు ఎవరి పేరు మీద ఉంది?



పిల్లల పరీక్షలు అయిపోయే రోజులు వచ్చాయి. పోయిన వేసవిలో మేం మా కారులోనే కర్నూలు నుంచి నేపాల్ వెళ్లొచ్చిన సంగతి తెలిసిన దోస్తులు, రిష్తేదార్లు మళ్లీ ఫోన్లు మొదలుపెట్టారు. "భాయ్, ఎన్ని రోజులు పట్టింది? హలాల్ ఖానా దొరుకుతుందా? ఘాట్ రోడ్లు ఎలా ఉన్నాయి? పెట్రోలుకి ఎంతయింది?" అందరూ ఇవే అడుగుతున్నారు. నేను మాత్రం అందరినీ తిరిగి ఒకే సవాల్ అడుగుతున్నాను. "కారు ఎవరి పేరు మీద ఉంది?"

అవతల కాసేపు ఖామోషీ. తర్వాత జవాబు వస్తుంది. "అబ్బా పేరు మీద. ఆయన ఇంతెఖాల్ అయి నాలుగేళ్లయింది." "బావమరిది పేరు మీద. వాడు దమ్మామ్‌లో ఉన్నాడు." "సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఇంకా పేరు మార్పించుకోలేదు." "ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయింది గానీ, ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది."

అడిగే హక్కు నాకూ పెద్దగా లేదు. రెండేళ్ల కిందట నన్ను ఎవరైనా అడిగితే నేనూ మొదటి జవాబే చెప్పేవాణ్ని. సొంత కారులో పరాయి ముల్క్‌కి వెళ్లాలనుకునేవాళ్లు టైర్ల కంటే, హోటళ్ల కంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. ఆ కారు నిజంగా సొంతమేనా అన్నది. ఇది ఒక్క ఆర్‌టీఓ ఆఫీసు మామ్లా కాదు, మన దీన్ మామ్లా కూడా అని నా రాయ్. ఎందుకో చెబుతాను.

మా కారు అబ్బా కొన్నది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో, జిందగీలో మొదటిసారి, ఎంతో శౌఖ్‌తో కొన్నారు. ఆయన పోయాక తాళాలు నా చేతికి వచ్చాయి. పేరు మార్పించుకోవాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. "మీ అబ్బా కష్టార్జితం రా. అప్పుడే ఆయన పేరు కొట్టేయిస్తావా?" అంది అమ్మీ. ఆ మాట మీద నేను మళ్లీ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే అమ్మీ మాట నాకు ఒక బహానా. ఆఫీసుల చుట్టూ తిరగడం బద్ధకం. కారు నడుస్తోంది, ఎవరూ ఆపడం లేదు, ఇక తొందరేముంది అనుకున్నాను.

దసరా సెలవుల్లో నేపాల్ వెళ్దామని పిల్లలు పట్టుబట్టినప్పుడు తయారీ మొదలుపెట్టాను. మన లైసెన్సు అక్కడ చెల్లుతుంది. మనలాగే రోడ్డుకి ఎడమ వైపునే నడుపుతారు. వీసా లేదు. ఇంకేం కావాలి అనుకున్నాను. అంతకుముందు వెళ్లొచ్చిన ఒక దోస్త్‌ని అడిగితే, సరిహద్దులో భన్సార్ అనే కస్టమ్స్ పర్మిట్ తీసుకోవాలన్నాడు. దానికి ఒరిజినల్ ఆర్‌సీ చూపాలి. బండి యజమాని వెంట లేకపోతే ఆయన రాసిచ్చిన ఇజాజత్‌నామా అడుగుతారు. "నీ ఆర్‌సీలో ఎవరి పేరుంది?" అన్నాడు. అబ్బా పేరన్నాను. వాడు ఇంకేం మాట్లాడలేదు. ఖబ్రస్తాన్‌లో ఉన్నవాళ్లు ఎవరికీ ఇజాజత్‌నామా రాయలేరు కదా.

అప్పుడు ఖానూన్ చదివాను. యజమాని చనిపోతే వారసుడు 30 రోజుల్లోపు ఆర్‌టీఓకి తెలియజేయాలి. ఆ తర్వాత మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టి బండిని తన పేరుకు మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు కూడా అంతే. పాలసీ ఉన్న మనిషి పోతే, అది వారసుల కోసం మూడు నెలలు గానీ, పాలసీ గడువు తీరేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకు నిలుస్తుంది. ఈలోపు పేరు మార్పించుకోవాలి. నేను ఏడాదిన్నరగా ఆ కారులో పిల్లల్ని బడికి దింపుతున్నాను, వలీమాలకు వెళ్తున్నాను, అమ్మీని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. ప్రీమియం మాత్రం ఆన్‌లైన్‌లో అబ్బా పేరు మీదే కడుతూ వచ్చాను. ఆ ఏడాదిన్నరలో నా కారు కింద ఎవరైనా పడి ఉంటే? కంపెనీ వాదనకు తలుపులన్నీ నేనే తెరిచిపెట్టాను. దెబ్బ తిన్న మనిషి భార్యాబిడ్డలు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేదేమో. అది వాళ్ల హక్ మీద కొట్టడం కాదా?

ఇన్సూరెన్సు జాయిజా నాజాయిజా అన్న బహస్ మన ఇళ్లలో ఉంది. ఆ మస్‌అలా మీరు నమ్మే ఆలిమ్‌ని అడగండి, నేను ఫత్వా ఇచ్చేవాణ్ని కాను. అయితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది. అది మన కారు కోసం కాదు, మన కారు వల్ల నష్టపోయే పరాయి మనిషి కోసం. ఆ ఒక్కటి గుర్తుంచుకుని మాట్లాడితే చాలు.

ఫారం 31 కోసం వెళ్లాను. డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులకు అభ్యంతరం లేదని స్టాంపు పేపర్ మీద అఫిడవిట్లు. వారసులంటే అమ్మీ, ఆపా, చెల్లెలు. సంతకాలే కదా, ఫోన్ చేస్తే పెట్టేస్తారు అనుకున్నాను. ఆపా ఆదోనిలో ఉంటుంది. ఫోన్ చేసి, "ఆపా, అబ్బా గాడీకి నీ దస్తఖత్ కావాలి" అన్నాను. "పంపు రే, పెట్టేస్తా" అంది. ఒక్క సవాల్ అడగలేదు.

ఫోన్ పెట్టేశాక మనసు కలుక్కుమంది. ఆ అఫిడవిట్‌లో ఏం రాసి ఉంది? ఈ బండి మీద నాకు హక్కేమీ లేదు, మా తమ్ముడి పేరున మార్చడానికి రజామందీ ఇస్తున్నాను అని. కానీ ఆపాకి హక్కు ఉంది. అబ్బా వదిలి వెళ్లిన తర్కాలో కారు కూడా భాగమే. ఇల్లు, పొలం అంటే విరాసత్ అని గుర్తొస్తుంది మనకు. కారు, స్కూటరు, ఫ్రిజ్ అంటే రాదు. ఎవరి చేతిలో తాళం ఉంటే వాళ్లదే అయిపోతుంది. అక్కచెల్లెళ్ల మౌనాన్ని మనం రజామందీ అని రాసేసుకుంటాం.

మా మొహల్లా మస్జిద్ ఇమామ్ సాబ్ దగ్గర కూర్చుని హిసాబ్ వేశాను. ఇద్దరు సెకండ్ హ్యాండ్ డీలర్లకు కారు చూపిస్తే ఇద్దరూ 3,20,000 దగ్గరే చెప్పారు. అబ్బాకి ఖర్జులు లేవు, వసియ్యత్ లేదు. పిల్లలు ఉన్నారు కాబట్టి అమ్మీకి ఎనిమిదో వంతు, 40,000. మిగిలిన 2,80,000లో కొడుకుకి రెండు వంతులు, కూతుళ్లకి ఒక్కో వంతు. నాకు 1,40,000. ఆపాకి 70,000, చెల్లెలికి 70,000. అంటే "నా కారు" అని నేను చెప్పుకుంటున్న బండిలో సగానికి పైగా నాది కాదు.

"మాఫ్ చేసేయమని అడగొచ్చా?" అన్నాను. ఇమామ్ సాబ్ నవ్వారు. "ముందు డబ్బు వాళ్ల చేతిలో పెట్టండి. తర్వాత వాళ్ల ఖుషీ. చేతిలో పెట్టకుండా మాఫ్ అనిపించుకుంటే, అది వాళ్ల మాట కాదు, వాళ్ల మొహమాటం" అన్నారు.

సెలవుల కోసం దాచిన డబ్బు అక్కడికే వెళ్లింది. దసరా సఫర్ ఆగిపోయింది. పిల్లలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "అబ్బా కొన్న గాడీకి నా దగ్గర హిసాబేంట్రా" అని అమ్మీ తన వంతు తీసుకోలేదు. చేతిలో పెట్టాను, తిరిగి నా జేబులో పెట్టింది. ఆపా మొదట "నక్కో రే, నక్కో" అంది. నేను అక్కడే పెట్టి వచ్చాను. వారం తర్వాత ఫోన్ చేసి, ఆ డబ్బుతో కూతురి కాలేజీ ఫీజు కట్టానని చెప్పింది. ఆ ఫీజు కోసం ఎక్కడో అప్పు అడుగుదామనుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది. అడక్కుండా దస్తఖత్ పెట్టేయడానికి ఒప్పుకున్న ఆపా.

అందుకే అంటున్నాను, కాగితాలు సర్కార్ పెట్టే తక్లీఫ్ మాత్రమే కాదు. ఆ కాగితం అడగకపోతే ఆ హిసాబ్ నా జిందగీలో వేసేవాణ్ని కాను.

ఇప్పుడు మీ తయారీ సంగతి. మూడు నెలల ముందు మొదలుపెట్టండి. మొదటిది ఆర్‌సీ. సెకండ్ హ్యాండ్ కారు అయితే ఫారం 29, 30 పెట్టి మీ పేరుకు మార్పించుకోండి. లోను తీరి ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించండి. లోను ఇంకా నడుస్తుంటే, బండి దేశం దాటించడానికి బ్యాంకును రాతపూర్వకంగా అడగండి.

రెండోది పేరు. ఇది మన ఖౌమ్‌కి ప్రత్యేకమైన బీమారీ. ఆర్‌సీలో ఎస్.కె., లైసెన్సులో షేక్, ఓటరు కార్డులో షైక్. ఒకచోట ఎం.డి., ఇంకోచోట మొహమ్మద్, మరోచోట మహమ్మద్. ఒక కార్డులో ఇంటి పేరు ముందు, ఇంకో కార్డులో చివర. మన గల్లీలో అందరికీ మనం తెలుసు. సరిహద్దు కౌంటర్‌లో కూర్చున్న మనిషికి తెలియదు. ఆయనకు అవి ముగ్గురు వేర్వేరు మనుషుల పేర్లు. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అలాగే మిగతా వాటిలో మార్పించుకోండి. పిల్లల పేర్లయినా మొదటి నుంచీ ఒకే ఇమ్లాతో రాయించండి.

మూడోది ఇన్సూరెన్సు. పాలసీలో భౌగోళిక పరిధి అన్న చోట ఇండియా అని మాత్రమే ఉంటుంది. నేపాల్, భూటాన్ లాంటి పొరుగు దేశాలకు దాన్ని పొడిగించుకోవచ్చు. కొంచెం అదనపు ప్రీమియం కట్టి, ఎండార్స్‌మెంట్ కాగితం చేతికి తీసుకోండి. నోటి మాట చాలదు.

నాలుగోది మనుషుల గుర్తింపు. నేపాల్ వెళ్లే మన దేశస్తులకు పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ ఉంది కదా అని బయల్దేరకండి. 15 ఏళ్లలోపు పిల్లలకు, 65 దాటిన పెద్దలకు మాత్రమే ఆ సడలింపు.

సరిహద్దు దగ్గర పని సులువే. మేం 44వ నెంబరు హైవే మీద నాగ్‌పూర్ దాటి, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్ మీదుగా సోనౌలి చేరాం. ఇంటి నుంచి 1,700 కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో మూడు రాత్రులు ఆగాం. డ్రైవర్ నేనొక్కణ్నే కాబట్టి మగ్రిబ్ తర్వాత స్టీరింగ్ పట్టకూడదని ముందే నియ్యత్ చేసుకున్నాను. సోనౌలి గేటు దాటగానే బేలహియాలో నేపాల్ కస్టమ్స్ ఆఫీసు. ఎన్ని రోజులు ఉంటారో చెబితే రోజుల లెక్కన రుసుము తీసుకుని భన్సార్ రసీదు ఇస్తారు. ఒక్క రోజు ఎక్కువే రాయించుకోండి, గడువు దాటితే జుర్మానా. ఏడాదిలో మొత్తం 30 రోజులకు మించి మన బండి అక్కడ ఉండకూడదు. ఆ రసీదును తిరిగొచ్చేదాకా జానమాజ్‌లా జాగ్రత్తగా దాచుకోండి. ఏజెంట్లు చుట్టూ మూగుతారు. లైన్‌లో నిలబడి కౌంటర్‌లోనే కట్టాను. గంట పట్టింది. ఎవరికీ రిష్వత్ ఇవ్వలేదు.

అక్కడ గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందు. నమాజ్ వేళలు ఫోన్‌లో సరిచూసుకోండి. మన 100 రూపాయలు వాళ్ల 160. పెద్ద నోట్ల నియమాలు మారుతుంటాయి కాబట్టి 100 నోట్లు ఎక్కువ పెట్టుకోండి. ఫాస్టాగ్ సోనౌలి దాకానే.

బుట్వల్ దాటాక కొండలు. పోఖరా 200 కిలోమీటర్లలోపే, కానీ దాదాపు రోజంతా పట్టింది. మనలాంటి మైదానం డ్రైవర్లు దిగుడులో బ్రేకు మీదే కాలు పెడతారు, బ్రేకులు వేడెక్కి పట్టు పోతుంది. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. వానాకాలంలో మాత్రం వెళ్లకండి. 2024 జులైలో చిత్వన్ జిల్లా సిమల్తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు ప్రయాణికులతో సహా త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. ఖాట్మండూ వెళ్లే దారి అదే నది పక్కన సాగుతుంది. అక్కడ బండి ఆపి మేం దుఆ చేశాం.

ఖాట్మండూలో ఘంటాఘర్ దగ్గర జామె మస్జిద్, కాశ్మీరీ తకియా మస్జిద్ పక్కపక్కనే ఉన్నాయి. జుమా అక్కడే చదివాం. నేపాల్ 2021 జనాభా లెక్కల్లో ముస్లింలు 5 శాతం. ఉర్దూ వినిపించింది, హలాల్ ఖానా దొరికింది. అమ్మీ భయపడినట్టు పది రోజులు బిస్కట్ల మీద బతకాల్సిన జరూరత్ రాలేదు.

భయం మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. దారిలో అన్ని రాష్ట్రాలు, నా గడ్డం, బేగమ్ బుర్ఖా, ఏపీ నెంబరు ప్లేటు. బయల్దేరే ముందు రాత్రి అమ్మీ గోష్త్ అచార్ డబ్బా సర్దింది. నేను తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. "బక్రే కా గోష్తే కదరా" అంది. నిజమే. కానీ ఏ గోష్త్ అని రోడ్డు మీద అడిగే గుంపుకి రుజువు చూపించడం ఎవరి వల్ల అవుతుంది? మామిడికాయ పచ్చడి, చుడువా, ఉడికించిన గుడ్లతో బయల్దేరాం. అమ్మీ నొచ్చుకుంది. నాకూ నొప్పి వేసింది. మన దేశంలో మన తోషా డబ్బాను మనమే అనుమానించుకోవాల్సి రావడం చిన్న విషయం కాదు. వెంట చిన్నపిల్లలున్నారు కాబట్టి ఆ డబ్బాను ఇంట్లోనే వదిలాను.

ఒక టోల్ గేటు దాటాక పోలీసులు ఆపారు. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. నాలుగూ ఒకే ఫైల్‌లో ఉన్నాయి, నాలుగింటిలో ఒకే పేరుంది. రెండు నిమిషాల్లో "జాయియే" అన్నాడు. కాగితాలు సరిగ్గా ఉంటే జుల్మ్ జరగదని నేను చెప్పను. ఇన్నేళ్లు ఖబర్లు రాసినవాణ్ని, అంత భోళాతనం లేదు. కానీ నా వైపు తప్పు లేదన్న తసల్లీ నాకుంది. అబ్బా పేరున్న ఆర్‌సీతో అదే చోట ఆగి ఉంటే నా గొంతు ఎలా ఉండేదో నాకు తెలుసు.

"ఇదంతా ఎవరు చూస్తారు భాయ్, చాలామంది అలాగే వెళ్లొస్తున్నారు" అనేవాళ్లున్నారు. వెళ్లొస్తున్నారు, నిజమే. ఏమీ జరగనంత కాలం ఏ కాగితమూ అక్కర్లేదు. ఏదైనా జరిగిన రోజున, పరాయి ముల్క్‌లో, భాష సరిగా రాని ఠాణాలో, ఆ కాగితం తప్ప మీ తరఫున మాట్లాడేది ఏదీ ఉండదు. తవక్కుల్ అంటే ఒంటెను కట్టేశాక చేసేది అని జుమా ఖుత్బాలో ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. విని, తల ఊపి, ఒంటెను కట్టకుండానే ఇంటికి వస్తాం.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకూ ఇదే మాట. దమ్మామ్ నుంచి కింగ్ ఫహద్ వంతెన దాటి బహ్రెయిన్‌కి, దుబాయ్ నుంచి ఒమాన్‌కి కారులో వెళ్తుంటారు. సౌదీలో ఇస్తిమారా ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. వేరేవాళ్ల పేరు మీద ఉంటే తఫ్వీజ్ లేకుండా బయల్దేరకండి. కంపెనీ కారు, బ్యాంకు లోను కారు అయితే వాళ్ల ఇజాజత్ రాతలో తీసుకోండి. ఎమిరేట్స్‌లో బండి కాగితాన్ని ముల్కియా అంటారు. మన ఉర్దూ మిల్కియత్ దానికి చుట్టమే. ఆ మాట అడిగేది ఒక్కటే, ఇది ఎవరిది అని.

మీ ఇంటి ముందు నిలబెట్టిన కారు ఆర్‌సీ ఈ రాత్రే బయటకు తీయండి. అందులో పోయినవాళ్ల పేరుంటే, ఫారం 31 కంటే ముందు అక్కకో చెల్లెలికో ఫోన్ చేయండి. దస్తఖత్ అడగడానికి కాదు, ఆమె హిస్సా ఎంతో చెప్పడానికి. సఫర్ సంగతి ఆ తర్వాత, ఇన్షాఅల్లా.